మట్టి బతికితేనే పెరడు బతుకుతుంది
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



పెరటి తోటల గురించి మమ్మల్ని మాట్లాడమన్నారు. మేం విత్తనాల దగ్గర కాదు, మట్టి దగ్గర మొదలుపెడతాం. మా ఊళ్లో అందరికీ ఒకే విత్తనాలు పంచారు. కొందరి పెరట్లో తోటకూర మోకాలెత్తు పెరిగింది, కొందరికి మొలకే రాలేదు. ఇల్లు కట్టినప్పుడు పోసిన గ్రావెల్, సిమెంటు పెళ్లలు కలిసిన నేల గడ్డపారకు కూడా లొంగదు. యూరియా చల్లితే ఆకు పచ్చబడుతుంది గానీ నేల గుల్లబారదు. నేలను గుల్ల చేసేది కుళ్లిన ఆకూ అలమూ, దాన్ని తిని బతికే వానపాములే.

మేం చేసే పద్ధతి ఇది. చెట్టు నీడనో, తాటాకు పందిరి కిందో మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున తొట్టి కట్టుకోవాలి. పొడవు మన చోటును బట్టి. అడుగున కొబ్బరి పీచు, కందికట్టె పరవాలి. ఆపైన ఎండాకులు, కూరగాయల తొక్కలు, పేడ పొరలు పొరలుగా వేసి తడపాలి. రెండు మూడు వారాలు ఆగి, చెయ్యి పెట్టి చూసి, వేడి తగ్గాకే వానపాములు వదలాలి. పచ్చి పేడ వేడికి అవి చచ్చిపోతాయి. పైన తడి గోనెపట్టా కప్పాలి. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు ధారగా కారకూడదు. పచ్చళ్లు, నూనె, మాంసం, నిమ్మతొక్కలు వెయ్యొద్దు. కోళ్లు కెలక్కుండా వల కట్టాలి.

సుమారు రెండు నెలలకు టీ పొడిలాంటి ఎరువు వస్తుంది. నాలుగు రోజులు నీళ్లు ఆపి కుప్ప పోస్తే పాములు అడుక్కు దిగుతాయి, పైది జల్లించుకోవచ్చు.

ఒక మాట. కొని తెచ్చే ఎర్ర వానపాములు కుళ్లే చెత్తలోనే బతుకుతాయి, గట్టి నేలలో నిలవవు. నేలలో ఉండే మన నాటు వానపాములను కొనక్కర్లేదు. ఎరువు వేసి, ఎండుగడ్డి కప్పి, తడి ఆరకుండా చూస్తే అవే వస్తాయి.

ఇక అసలు కష్టం వేసవి. తెల్లారకముందే ఉపాధి పనికి పోతాం. తాగే నీళ్లకే బిందెలు వరుసలో పెట్టే రోజుల్లో తొట్టికి నీళ్లెక్కడివి? పోయిన ఎండాకాలం మా ఊళ్లో చాలా తొట్లు ఎండిపోయాయి. మళ్లీ డబ్బు పెట్టి పాములు కొనలేం, మానేస్తాం అన్నారు. వాళ్లది బద్ధకం కాదు, ఇబ్బంది.

అందుకే బోరు దగ్గర చింతచెట్టు కింద ఊరందరికీ ఒక తల్లి తొట్టి పెట్టాం. సంఘాలు వంతులేసుకుని రోజూ తడిపాయి. అది బతికింది. వానలు పడ్డాక అందులోంచే ఇంటికి రెండు దోసిళ్లు పంచాం. మానేస్తామన్న అక్కలు కూడా పైసా ఖర్చు లేకుండా మళ్లీ మొదలుపెట్టారు. పెరడు లేనివాళ్లు పాత బస్తాల్లో, పగిలిన బకెట్లలో వంగ, మిరప పెట్టుకున్నారు.

ఈ ఎండాకాలం రాకముందే ప్రతి ఊళ్లో నీళ్లున్న చోట ఒక తల్లి తొట్టి ఉండాలని, దానికి చోటు, వంతులు ఇవాళే తీర్మానం పుస్తకంలో రాయించాలని సభను కోరుతున్నాం. పాములు మేమిస్తాం, డబ్బు వద్దు. తట్ట పట్టుకుని రండి.

సెలవు.