ఒడ్డున మిగిలిన ముక్కలు

ఆదోనిలో, ఎమ్మిగనూరులో, కోసిగి, నందవరము వైపు గ్రామములలో పనికి బయలుదేరకముందు రేడియో దగ్గర కూర్చున్న తల్లులకు, తండ్రులకు వందనములు. సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరప చేలలో గుడిసె వేసుకొని వింటున్న మన బిడ్డలకు మరీ ప్రత్యేకముగా వందనములు.

మీ బైబిలు గ్రంథములలో యోహాను సువార్త 6వ అధ్యాయము తెరవండి. ఐదు రొట్టెలు, రెండు చేపలు. సండేస్కూలు నాటినుండి మీకు తెలిసిన సంగతియే. అంతమంది కడుపునిండా తిన్నారు అని చెప్పి మనము అక్కడ ఆగిపోతాము. నేనును సేవలో ప్రవేశించిన నాటినుండి అక్కడే ఆగి ప్రసంగించితిని. 12వ వచనము మీద ఒక్క ప్రసంగమైనను చేయలేదు. జనులు తృప్తిపొందిన తరువాత ప్రభువు తన శిష్యులను పిలిచి, మిగిలిపోయిన ముక్కలు ఏరమనెను. ఏదియు పాడైపోకూడదని ఆయన కోరిక. ఏరగా పన్నెండు గంపలు నిండినవి.

ఇది జరిగినది సముద్రతీర ప్రాంతములో. "అయ్యగారూ, మనకు సముద్రము ఎక్కడిది?" అని మీరడుగవచ్చును. గలిలయ సముద్రమని పిలువబడినది ఉప్పు సముద్రము కాదండీ. యొర్దాను నది ఒకవైపున చేరి మరియొకవైపున వెడలిపోవు మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. నజరేతు విడిచి ప్రభువు కాపురముండిన కపెర్నహూము దాని ఒడ్డుననే యున్నది. మత్తయి ఆ ఊరినే ఆయన సొంత ఊరు అంటున్నాడు. కాబట్టి తుంగభద్ర ఒడ్డున పుట్టినవాడు ఆ ఒడ్డును కొంత ఊహించుకొనగలడు.

1986లో వానలు లేక ఆ సరస్సు నీరు తగ్గినప్పుడు, బురదలోనుండి సుమారు రెండువేల సంవత్సరముల నాటి పడవ ఒకటి బయటపడినది. కనుగొన్నవారు గొప్ప పండితులు కారు. ఆ ఒడ్డుననే బ్రతుకుచు చేపలు పట్టుకొను ఇద్దరు అన్నదమ్ములు. మా ఒడ్డున ఏమి బయటపడినదో ఇప్పుడు చెప్పెదను.

మా ఊరు ఎమ్మిగనూరుకు ఉత్తరమున, నది ఒడ్డుననే. చిన్నతనములో ఎండాకాలము వస్తే నది పాయలుగా చీలిపోయేది. ఇసుకలో చేతులతో చెలమ తవ్వితే మూరెడు లోతున నీరు ఊరేది. మొదట మురికి నీరు తోడివేసి, తేరుకున్న తరువాత దోసిలితో త్రాగేవారము. పదిహేడవ యేట ఊరు విడిచితిని. సెమినరీ, ఆ తరువాత ఎక్కడెక్కడో సంఘములు. మధ్యలో 2009 అక్టోబరు 2న ఆ మహావరద వచ్చినది. మంత్రాలయము మునిగినది, నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయినది, మా ఊరిలో ఇండ్లు కూలినవి. తరువాత ఇండ్లు కట్టుకొన్నవారు దూరముగా, మెరకమీద కట్టుకొన్నారు. వారిని తప్పుపట్టలేము. కాని ఆనాటినుండి ఊరు నదికి వీపు త్రిప్పినది. వీపు వెనుక నున్నది పెంటకుప్ప కావడానికి ఎన్నాళ్ళు పట్టును?

సొంత ప్రాంతమునకు బదిలీ అయి వచ్చిన తరువాత, ప్రతి ఈస్టరుకు ముందు మా ఒడ్డుననే బాప్తిస్మములు ఇచ్చుచు వచ్చితిని. ఎంత సంతోషము! పాటలు, షామియానా, భోజనములు. ఒక వేసవిలో మా అబ్బాయికి చెలమ తవ్వి చూపుదామని తీసుకొనిపోయితిని. జానెడు లోతున ప్లాస్టిక్ గ్లాసులు, కవర్లు, థర్మకోలు పళ్ళెములు వచ్చినవి. 2020 నవంబరులో పుష్కరములకు వచ్చినవారి పని అయియుండునని మా అబ్బాయితో అంటిని. ఎంత తేలికగా నోట వచ్చినదో చూడండి!

అక్కడ మేకలు కాయుచున్న అవ్వ ఒకామె నన్ను చిన్నప్పటినుండి ఎరుగును. ఆమె తుమ్మచెట్టు వైపు చేయి చూపినది. "సూడు నాయినా, నీ బొమ్మ కింద నా మేకలు నీడకు పండుకుంటుండాయి" అని నవ్వినది. చెట్టుకు చినిగిన ఫ్లెక్సీ వ్రేలాడుచున్నది. దానిమీద బాప్తిస్మ ఆరాధన అని పెద్ద అక్షరములు, ప్రక్కన చేతిలో బైబిలుతో నా ఫొటో.

తరువాత ఆమె నవ్వలేదు. "పోయిన నెల సూడిమేక సచ్చిపాయ. కోయించి సూస్తే కడుపు నిండా కవర్లే. మీరు మిగిలిన అన్నం కవర్లలో మూటగట్టి ఈడనే పారేసి పోతిరి. వాసనకు తినె" అన్నది.

ఆ కవర్లు మావేయని ఎట్లు తెలియును? నాలోని వకీలు లేచి నిలుచుండెను. కాని మూటగట్టి పారవేసిన అన్నము మాదే. ప్రభువు ఏరమన్న ముక్కలను నేను ఒక పేదరాలి మేకకు విషముగా విడిచిపెట్టి, చేతులు కడుగుకొని, స్తోత్రము చెప్పి ఇంటికి పోయితిని.

మేక వెల ఇయ్యవలెనని సంఘ పెద్దలతో అంటిని. గంటన్నర చర్చ. చివరకు సగము నా జీతములోనుండి, సగము సంఘమునుండి. అవ్వ డబ్బు లెక్కపెట్టుకొని కొంగున ముడివేసుకొని, "మేక రాదు గదా" అన్నది. దానికి నా యొద్ద జవాబు లేకపోయెను.

ఒడ్డు శుభ్రము చేయుదమన్నప్పుడు ఒక పెద్ద లేచి, "అయ్యగారూ, మనము ఆత్మల సంపాదనకు పిలువబడినవారము, చెత్త పంచాయతీ పని" అన్నాడు. ఆయన భక్తిపరుడు, ఆయన మాటను తేలికగా త్రోసివేయలేను. కాని గంపలు మోసినవారెవరో చూడండి. తిన్న జనమును ప్రభువు పిలువలేదు. వడ్డించినవారినే పిలిచెను. రేపు లోకమంతట సువార్త ప్రకటింపవలసిన అపొస్తలుల చేతికే ఆ ఎంగిలి ముక్కల పని ఇచ్చెను. పన్నెండుమంది, పన్నెండు గంపలు. ఆ పెద్ద ఇప్పటికిని పూర్తిగా ఒప్పుకొనలేదు. అయితే చెత్త తోలుచున్న ట్రాక్టరు ఆయనదే!

మొదటి శనివారము వచ్చినవారు తొమ్మిదిమంది. సుగ్గినుండి తిరిగివచ్చిన యౌవనస్థులు చేరిన తరువాత పని సాగినది. మిరప టిక్కీలు తొక్కి నింపి కుట్టిన చేతులవి. ఒక ఉదయమున 23 సంచులు కట్టిరి. అక్కడనే కాల్చివేయుదమన్నవారును ఉన్నారు. వద్దంటిని, ఆ పొగ పీల్చేది మరల మన ఊరే. సంచులను పంచాయతీవారికి అప్పగించితిమి.

2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములను, గ్లాసులను, చెంచాలను దేశమంతటా నిషేధించిరి. చట్టము మంచిదే. నది ఒడ్డున పోలీసు మాత్రము ఉండడు. ఆదోనిలో ఉన్న సహోదరులారా, ఇది మీకు దూరపు సంగతి అనుకొనవద్దు. దిగువ కాలువ వెంట మీ కుళాయికి వచ్చేది ఈ తుంగభద్ర నీరే. మా ఒడ్డు దాటిన నీరు సుంకేసుల దగ్గర ఆగి కర్నూలు పట్టణపు దాహము తీర్చుచున్నది. ఆ నీటిలోనే మనము బాప్తిస్మము ఇచ్చుచున్నాము, పొందుచున్నాము.

ఇప్పుడు మా బాప్తిస్మ ఆరాధనకు ఫ్లెక్సీ లేదు. ఎవరి స్టీలు పళ్ళెము, గ్లాసు వారే తెచ్చుకొందురు. తేనివారికి విస్తరాకులు. మిగిలిన అన్నము గిన్నెలకు ఎత్తి, అడిగి, కావలసిన ఇండ్లకు చేర్చుచున్నాము. నిరుడు ఎవరో మరచి ఒక కవరు వదిలితే, అవ్వ దానిని కర్రకు గ్రుచ్చి మా ఇంటి గుమ్మము దాకా తెచ్చినది.

మా అబ్బాయికి చెలమ ఇంకా చూపలేదు. ఈ వేసవిలో మోచేతి లోతు తవ్వితిమి, ఇంకను కవర్లు వచ్చుచున్నవి. వచ్చే శనివారము ఉదయము ఆరు గంటలకు మరల వెళ్ళుచున్నాము. ఎండ ఎక్కకముందే ముగించెదము. దగ్గరలో ఉన్నవారు ఒక తట్ట తెచ్చుకొనండి.

తలలు వంచండి, ప్రార్థన చేసుకొందము.