పిల్లలున్న యిల్లు



పిల్లలు గల గృహములలో దినదినము జరుగు వినోదములను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. ఈ మాట విని కొందరు పెద్దలు, "వానలను గూర్చి, కందుల ధరను గూర్చి చెప్పవలసిన వేళ ఈ పిల్లల గొడవ యేమి?" అని తలంపవచ్చును. కాని రచ్చబండ మీద ఎంతటి తగవును తీర్చిన పెద్దమనిషియైనను, ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొనిన వెంటనే మరియొక కొలువునకు హాజరు కావలసినవాడే. ఆ కొలువున న్యాయాధిపతులకు ఆరేండ్లు, ఎనిమిదేండ్లు. అక్కడ సాక్షి మాట చెల్లదు. తీర్పు మీద అప్పీలు లేదు. జరిమానా మాత్రము అప్పటికప్పుడు బెల్లపు ముక్కల రూపమున చెల్లింపవలెను.

మాది కరణ్‌కోట. తాండూరునకు చేరువ గ్రామము. 2016వ సంవత్సరమున ఏర్పడిన వికారాబాదు జిల్లాలో, కర్ణాటక పొలిమేరకు దగ్గరగా నున్నది. మా ప్రాంతమున నేల మీద కంది పండును, నేల క్రింద నాపరాయి దొరకును. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారి కర్మాగారము మా యూరనే కలదు. మా యింట మూడు తరములవారము, పదకొండుగురము. నేను, నా యిల్లాలు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడండ్రు, ఐదుగురు పిల్లలు. పిల్లలలో పెద్దవానికి పండ్రెండేండ్లు, చిన్నవానికి నాలుగు. తక్కిన ముగ్గురు నడుమ నున్నారు. అల్లరికి మాత్రము పెద్ద చిన్న అను భేదము లేదు.

ఇట్టి యింట తెల్లవారుట యన్న సామాన్యమైన సంగతి కాదు. స్నానపు గది యొక్కటి, స్నానము చేయవలసినవారు పలువురు. మొదట పొమ్మనిన ప్రతివాడును "నేను చివర" అనును. చివర మిగిలినవాడు నీళ్లు చల్లారినవని స్నానమే మానును. బడికి పోవువేళ ప్రతి దినమును ఒక్క బూటు మాత్రమే కనబడును. రెండవ బూటు రాత్రి యెక్కడికి పోయి వచ్చునో నాకు నేటికిని అంతుపట్టలేదు. ఎనిమిదేండ్ల మనుమనికి ఒక విచిత్రమైన కడుపునొప్పి గలదు. అది సరిగా ఎనిమిది గంటలకు బడి బస్సు కూత వినబడగానే ఆరంభమై, బస్సు మలుపు దాటగానే మాయమగును. దీనికి నా యిల్లాలు మంచి మందు కనిపెట్టినది. వాము కషాయము. పిల్లవానికి దానిని త్రాగించు అవసరము ఇంతవరకు రాలేదు. "వాము ఎక్కడ పెట్టితివే?" అని ఆమె వంటయింటి వైపు కేక వేసిన మాత్రముననే రోగము కుదురుచున్నది.

పొలిమేర ఊళ్లవారికి మరియొక వినోదము గలదు. అది భాషల వలన కలుగునది. మేము తెలుగువారము. చుట్టరికములు కన్నడ దేశమున నున్నవి. బజారులో ఉరుదూ మాట లేనిదే బేరము తెగదు. కర్మాగారమున పలుదేశములవారి కుటుంబములు ఉన్నందున పిల్లల ఆటలో హిందీ నడచును. ఒకనాడు సేడమునుండి మా వియ్యంకుడు ఎండలో నడచి వచ్చి, అరుగు మీద కూలబడి, తన భాషలో "నీరు కొడమ్మా" అని అడిగెను. కన్నడమున కొడు అనగా ఇమ్మని అర్థము. మా పదేండ్ల మనుమరాలు దానిని తెలుగుగా వినినది. పెద్దల మాట జవదాటరాదని అవ్వ నేర్పియున్నది కదా! చెంబెడు నీళ్లు తెచ్చి ఆయన మీద గట్టిగా కొట్టెను. ఆయన నిలువునా తడిసి, క్షణకాలము నివ్వెరపోయి, పిమ్మట పకపక నవ్వి, "ఎండకు ఇదియే మేలు తల్లీ" అనెను. మంచి చుట్టమనిన అట్టివాడు.

ఉరుదూ వలన మా పెద్ద మనుమడు ఇంతకు మించిన లాభము పొందినాడు. ఆ భాషలో "కల్" అను మాటకు నిన్న యనియు రేపు అనియు రెండర్థములు గలవు. లెక్కలు ఎప్పుడు చేయుదువురా అని తండ్రి అడిగిన, వాడు "కల్" అనును. చేసినాడని తండ్రి సంతోషించును. చేయవలసియున్నదని వాని మనస్సునకు తెలియును. అబద్ధమాడిన పాపమును లేదు, పని చేసిన శ్రమయు లేదు. ఇంతటి సదుపాయము న్యాయవాదులకైనను దొరకదు.

తాండూరు కందికి 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి పెద్దలకు తెలిసినదే. అనగా ఆ పేరు ఈ ప్రాంతమున పండిన కందికే చెల్లునని ప్రభుత్వము వారు చట్టప్రకారము నమోదు చేసిరి. ఈ సంగతి ఇంట చెప్పుకొని మురియుచుండగా, అప్పటికి ఐదేండ్లవాడైన మా నడిమి మనుమడు, "తాతా, మన గాదెలో ఉన్న కందులకు అన్నిటికీ పేర్లు పెట్టిన్రా?" అని అడిగెను. సరేయని నేను తల యూపితిని. ఆ రాత్రి వాడు పప్పు ముట్టలేదు. "పేరున్నవాళ్లను ఎట్ల తినుడు?" అని వాని సందేహము. ఇంటిల్లిపాదియు బ్రతిమాలిరి. తుదకు అవ్వ, "పొట్టు తీసినప్పుడే పేరు కూడ పోయింది బిడ్డా, ఇది వట్టి పప్పు" అని చెప్పగా వాడు సమాధానపడి రెండు మారులు వడ్డించుకొని తినెను.

మరియొక సాయంకాలము మా యింటి గచ్చు మీద వివాదము పుట్టెను. మా ప్రాంతపు నాపరాయి పొరలు పొరలుగా నుండును. పూర్వము ఇచ్చట సముద్రముండెననియు, దాని అడుగున పేరిన సున్నపు బురద పొర మీద పొర గట్టిపడి ఈ రాయి అయినదనియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అందుచేతనే ఇది పలకలుగా చీలి, మన యిండ్లలో గచ్చుగను, అలమరలో పలకగను, దొడ్డికి గోడగను పనికివచ్చుచున్నది. పిల్లలకు మాత్రము అది పెద్ద వ్రాతపలక. సుద్దతో గచ్చునిండ వ్రాసిన పదేండ్ల పిల్లకు నేను ఈ సముద్రపు కథ చెప్పితిని. "అయితే చేపలు ఏడికి పోయినయ్?" అని ఆమె అడిగినది. చేపలు పుట్టకమునుపటి కాలమని చెప్పితిని. "మనుషులు?" లేరంటిని. "బడి?" లేదంటిని. ఆమె నిట్టూర్చి, "మంచి కాలం తాతా" అనెను.

పెద్దలారా! ఇంతవరకు నవ్వు మాటలు చెప్పితిని. ఇక నవ్వును గూర్చియే రెండు మాటలు చెప్పవలసియున్నది. పిల్లలతో కలసి నవ్వు నవ్వు వేరు, పిల్లలను చూచి నవ్వు నవ్వు వేరు. రెండును చెవికి ఒక్క తీరుగనే వినబడును. పిల్లల మనస్సునకు మాత్రము భేదము వెంటనే తెలియును.

మా ఆరేండ్ల మనుమరాలికి ర అను అక్షరము నోట తిరుగదు. రొట్టెను "లొట్టె" యనును. మా యింటికి వచ్చిన ఒక చుట్టము దీనికి మిక్కిలి ముచ్చటపడి, వచ్చినవారి యెదుట నెల్ల "అను తల్లీ, మరల అను" అని అనిపించి నవ్వుచుండెను. ఆయన మనస్సున కల్మషము లేదు. కాని రెండు దినములు గడచునప్పటికి ఆ పిల్ల రొట్టె అడుగుటయే మానినది. కావలసినప్పుడు వ్రేలు చూపునే కాని నోరు విప్పదు. దీనిని మొదట కనిపెట్టినవాడు పెద్దలలో ఎవ్వరును కాదు, పండ్రెండేండ్ల అన్న. వాడు ఎవ్వరితోను తగవాడలేదు. ఆ రాత్రి పంక్తిలో కూర్చుండి గంభీరముగా "అమ్మా, నాకు ఒక లొట్టె" అనెను. వాని ప్రక్కవాడు "నాకు రెండు లొట్టెలు" అనెను. నాలుగేండ్లవాడు సైతము అందుకొనెను. ఈ ధోరణి వినివిని ఆ చుట్టము తానుగా "కోడలా, నాకును ఒక లొట్టె" యని నోరుజారెను. అప్పుడు అందరికంటె బిగ్గరగా నవ్వినది ఆ చిన్నపిల్ల. మరునాటినుండి ఆమె నోరు మరల విచ్చుకొన్నది. అక్షరము దాని కాలమున అదియే తిరుగును.

మన దేశమున 2009వ సంవత్సరమున చేయబడిన విద్యాహక్కు చట్టము, తన 17వ విభాగమున, బడిలో పిల్లలను కొట్టుటనే కాక మానసికముగా వేధించుటను గూడ నిషేధించినది. ఐక్యరాజ్యసమితి 1989లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో మన దేశము 1992లో చేరినది. బిడ్డకు సంబంధించిన విషయమున బిడ్డ మాట గూడ వినవలెనని దాని 12వ అధికరణము చెప్పుచున్నది. బడికొరకు చేసిన చట్టము మన వంటయింటికి వచ్చి కూర్చుండదు. కాని బడిలో ఉపాధ్యాయుడు చేయరాని పనిని ఇంటిలో తాత చేయవచ్చునా? ఆలోచింపుడు.

ఇక రెండవ సంగతి. ఇంట నవ్వులు పండుచున్నవి గదా, ఆ పంటకు నీరు కట్టువారెవరు? ఇది గూడ మాకు పిల్లలే చూపిరి. బడిలో పదేండ్ల పిల్లకు "మా కుటుంబము" అను వ్యాసము వ్రాయుమనిరి. ఆమె చక్కగా వ్రాసి పదుగురిలో చదివినది. "మా నాన్న కర్మాగారంలో పని చేయును. మా చిన్నాన్న బండల గనిలో పని చేయును. మా తాత పొలం చూచును. మా అమ్మ ఏ పనీ చేయదు, ఇంట్లోనే ఉండును." వెంటనే ఎనిమిదేండ్లవాడు లేచి, "తప్పు! అమ్మ అరుస్తది కద!" అని సవరించెను. అందరమును నవ్వితిమి. పెద్దకోడలు గూడ నవ్వినది. కాని చేతిలోని పిండి చూచుకొనుచు నవ్వినది. ఆ పూట అప్పటికే ఆమె ఇరువది జొన్నరొట్టెలు చేసియుండెను.

నా యిల్లాలు అప్పుడేమియు అనలేదు. ఆదివారము ఉదయమున మాత్రము ఇద్దరు కోడండ్రను అరుగు మీద కూర్చుండబెట్టి, "ఇవాళ మీరు ఏ పనీ చేయకున్రి. వ్యాసంల అట్లనే ఉన్నది" అనెను. ఇల్లు మగవారికిని పిల్లలకును అప్పగింపబడెను. కర్మాగారమున యంత్రములను నడపు పెద్దకొడుకు జొన్నపిండికి లొంగిపోయెను. వాడు తట్టిన మొదటి రొట్టె కర్ణాటక పటము వలె నుండెను. రెండవది పెనము మీదికి పోవు త్రోవలోనే మూడు ముక్కలయ్యెను. చిన్నకొడుకు చిన్నవానికి స్నానము చేయించుచు తానే స్నానము చేసెను. పాలు పొంగి పొయ్యి నారెను. బట్టలు ఉదుకుచోట నున్నవి, అంట్లు తోముచోట నున్నవి, పిల్లవాడు మాత్రము ఉండవలసిన చోట లేడు. నేను నీళ్లు పట్టితిని, బియ్యము ఏరితిని. పది గంటలకు ఐదుగురు పిల్లలును ముగ్గురు మగవారును అలసి కూర్చుండిరి. మధ్యాహ్నపు వంట ఇంకను ఆరంభమే కాలేదు. అరుగు మీదినుండి వినబడిన నవ్వు వంటి నవ్వు మా యింట నేను మునుపెన్నడును వినలేదు.

ఆ సాయంకాలము ఆ పిల్ల తన వ్యాసమునందు ఆ వాక్యము కొట్టివేసి, "మా అమ్మ చేసే పని రాయడానికి ఈ పేజీ చాలలేదు" అని వ్రాసుకొనెను.

ఇది మా యింటి సంగతి మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వపు గణాంక శాఖవారు 2019వ సంవత్సరమున ప్రజల కాలవినియోగమును సర్వే చేయించిరి. ఆరేండ్లు మొదలుకొని ఆ పైబడినవారిలో, కూలి లేని యింటి పనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, చేయు పురుషులు 97 నిమిషములును వానికై వెచ్చించుచున్నారని తేలినది. 299 నిమిషములనగా ఇంచుమించు ఐదు గంటలు. పొలమునగాని, గనియందుగాని, కార్యాలయమునగాని పని చేసి వచ్చు స్త్రీలకు ఆ శ్రమ దీనికి అదనము.

అందుచేత మా యింట కొన్ని యేర్పాట్లు జరిగినవి. ఎవరి పళ్లెము వారే కడుగుకొందురు, మగపిల్లలకు మినహాయింపు లేదు. నీళ్లు పట్టుట కొడుకుల వంతు. బూట్ల శాఖ నాకు ఒప్పగింపబడినది. రాత్రి పండుకొనుటకు ముందు పది బూట్లను లెక్కించి వరుసగా నిలుపుదును. తెల్లవారునప్పటికి తొమ్మిదే ఉండును. అయినను వెదకు శ్రమ ఇప్పుడు కోడండ్రది కాదు, నాది.

పెద్దలారా! మన యిండ్లలో మన మాటకు నేటికిని విలువ గలదు. పిల్లవాని తప్పు పలుకును పదుగురిలో ఆడించు చుట్టమును మృదువుగా వారింపగలవారము మనమే. "మగపిల్లవాడు పళ్లెము కడుగవచ్చునా?" అని ఎవరైన అన్నప్పుడు, "కడుగవచ్చును" అని చెప్పగలవారమును మనమే. కొడుకు చెప్పిన, "భార్య మాట వినుచున్నాడు" అందురు. కోడలు చెప్పిన, "ఎదురు పలికినది" అందురు. తాత చెప్పిన మారు పలుకరు. ఇన్నేండ్లు బ్రతికి సంపాదించిన ఈ చనవును రచ్చబండకే పరిమితము చేయక ఇంటికి గూడ కొంత వినియోగింపుడు. పిల్లలు మిమ్ము చూచి నవ్విన కోపింపకుడు, వారితో కలసి నవ్వుడు. ఆ నవ్వు వినబడు వేళ వంటయింటి వైపు ఒకమారు చూడుడు. అక్కడ ఒక్కతెయే నిలుచుండి యున్నచో, లేచి వెళ్లి ఒక చేయి సాయము పట్టుడు.