బిడ్డ కోసం చూసే ఇంట్లో పరీక్షలు ఇద్దరికీ
(గురజాల ప్రాంత గ్రామాల దంపతుల కోసం జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక నర్సు చేసిన ప్రసంగం)

ఈ మాటలు అందరికీ. ముందు వరసలో కూర్చున్న అత్తగార్లకు, వాళ్ల వెనకాల తల వంచుకుని కూర్చున్న కోడళ్లకు, అదిగో ఆ వేపచెట్టు కింద నిలబడి ఇది ఆడవాళ్ల మీటింగు కదా అనుకుంటున్న అన్నలకు, తమ్ముళ్లకు. అయ్యా, మీరు కూడా కాస్త దగ్గరకు రండి. ఈ పూట నేను మాట్లాడేదాంట్లో సగం మీ గురించే.

మా ఓ.పి.లో పిల్లలు కలగలేదని వచ్చేవాళ్లను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. అమ్మాయి వస్తుంది, పక్కన అత్తో, తల్లో ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ కాగితాలు. పిడుగురాళ్లలో తీయించినవి, నరసరావుపేటలో తీయించినవి, గుంటూరులో తీయించినవి. అన్నీ ఆమెవే. "మీ ఆయన పరీక్ష కాగితం ఏదమ్మా?" అని అడుగుతాను. అత్తగారు నా వంక అదోలా చూసి, "మా వాడికేం, దుక్కలా ఉన్నాడు" అంటుంది. ఆయన బయట టీ బంకు దగ్గర ఉంటాడు, లేకపోతే అసలు రానే రాడు.

మన గుంటూరుకు డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు 1883లో వచ్చారు. 1898లో అక్కడ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆ కాలంలో మన ఆడవాళ్లు ఆసుపత్రి గడప తొక్కాలంటే భయపడేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు ఆ భయం పోయింది. ఈ ఒక్క విషయంలో అది మగవాళ్లను పట్టుకుంది.

ముందుగా, ఎప్పుడు కంగారు పడాలో చెబుతాను. పెళ్లయి ఆరు నెలలు కాకుండానే ఇరుగుపొరుగు "ఏమన్నా విశేషమా?" అని మొదలుపెడతారు. నూరు జంటలు ఏ అడ్డూ లేకుండా కలిసి కాపురం చేస్తే ఏడాది తిరిగేసరికి దాదాపు 85 మందికి కడుపు పండుతుంది. మిగిలినవాళ్లలోనూ కొందరికి రెండో ఏడాదిలో దానంతట అదే వస్తుంది. కాబట్టి భార్య వయసు 35 లోపు ఉంటే ఒక ఏడాది చూడండి. 35 దాటితే ఆరు నెలలకే రండి. నెలసరి సరిగా రానివాళ్లు, పొత్తికడుపులో విపరీతమైన నొప్పి వచ్చేవాళ్లు, గతంలో టి.బి. వచ్చినవాళ్లు, మగవాళ్లలో బీజాలకు ఆపరేషన్ అయినవాళ్లు, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి బీజాలు వాచినవాళ్లు మాత్రం ఏడాది ఆగొద్దు, ముందే రండి. ఇంకో మాట. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేసి, ఏడాదిలో కడుపు రాలేదని ఆసుపత్రికి తీసుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిల్లకు జబ్బేమీ లేదు. ఆ పెళ్లే జరగకూడనిది.

ఏడాది కలిసి ఉండటం అంటే నిజంగా కలిసి ఉండటం. ఆయన హైదరాబాదులో మేస్త్రీ పని చేస్తూ నెలకు రెండు రోజులు ఇంటికి వస్తే దాన్ని ఏడాది కాపురమని లెక్కపెట్టకూడదు. అండం నెలకు ఒక్కసారే విడుదలవుతుంది, ఒక్క రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం ఆమె ఒంట్లో ఐదు రోజుల దాకా ఉండగలవు. ముట్టు వచ్చిన మొదటి రోజును ఒకటి అని లెక్కపెట్టండి. 28 రోజులకు ముట్టు వచ్చే అమ్మాయికి దాదాపు 14వ రోజున అండం వస్తుంది. 32 రోజులకు వచ్చే అమ్మాయికి 18వ రోజు దగ్గర. ఆ రోజు, దానికి ముందు ఐదు రోజులు ముఖ్యం. లెక్క కష్టమనుకుంటే, ముట్టు ఆగాక రోజు మార్చి రోజు కలిసి ఉండండి, ఏ క్యాలెండరూ అక్కర్లేదు. చాలామంది దీనికి తిరకాసుగా ముట్టుకు ముందు నాలుగు రోజులు, తరవాత నాలుగు రోజులు మంచివనుకుంటారు. ఆ నమ్మకంతోనే రెండేళ్లు పోగొట్టుకున్న జంటలను చూశాను.

ఇక అన్నల సంగతికి వస్తాను. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. కొన్నిచోట్ల అది ఒక్కటే కారణం, కొన్నిచోట్ల ఇద్దరిలోనూ ఉంటుంది. కాపురం చేసే సత్తా వేరు, వీర్యంలో కణాలు ఉండటం వేరు. దుక్కలా ఉన్నవాడికీ కణాలు లేకపోవచ్చు. చూసి చెప్పేది కాదు, మైక్రోస్కోపులో పెట్టి లెక్కపెట్టేది.

వీర్య పరీక్షకు సూది లేదు, నొప్పి లేదు, మత్తు లేదు. ఆడవాళ్లకు చేసే పరీక్షలన్నిటితో పోలిస్తే సులువు, ఖర్చూ తక్కువ. అందుకే అది మొదట్లోనే జరగాలి. పరీక్షకు ముందు కనీసం రెండు రోజులు, ఏడు రోజులు మించకుండా, భార్యతో కలవకుండా ఉండాలి. నమూనా ల్యాబులోనే ఇవ్వడం మంచిది. ఇంటి దగ్గర తీస్తే గంట లోపల, ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచి తేవాలి. మామూలు నిరోధ్‌లో పట్టి తేవద్దు, దాని మీద ఉండే మందుకు కణాలు చచ్చిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు కింది హద్దు. అంతకు తక్కువ వస్తే బిడ్డ పుట్టడని కాదు, ఆలస్యం కావచ్చని. ఒక్క రిపోర్టు చూసి గుండె జారవిడుచుకోకండి. కొన్ని వారాలు ఆగి ఇంకోసారి చేయించాలి. మొన్నీమధ్య గట్టి జ్వరం వచ్చి ఉన్నా లెక్క పడిపోతుంది. కొత్త కణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మంచి అలవాటు మొదలుపెట్టినా ఫలితం మూడు నెలలకు గాని కనిపించదు.

మన పల్నాటికి ప్రత్యేకంగా చెప్పాల్సింది వేడి సంగతి. దేవుడు బీజాలను ఒంటి బయట పెట్టింది ఊరికే కాదు. ఒంట్లో వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువలో ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయి. మన దగ్గర రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా తెలిసిందే. దాని మీద పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర పూటంతా నిలబడే తమ్ముడి సంగతి ఆలోచించండి. బిగుతైన నైలాన్ డ్రాయరు, గంటల తరబడి లారీ సీటు, ఇవి కూడా అంతే. పని మానెయ్యమని నేను చెప్పలేను, కడుపు నిండాలి కదా. బట్టీ ముఖం దగ్గర కాకుండా లోడింగుకు మారగలిగితే మారండి. నూలు బట్ట, వదులు పంచె కట్టండి. మధ్య మధ్య నీడకు రండి.

రెండోది పురుగుమందు. మిరపకు, పత్తికి మనం కొట్టినన్ని మందులు ఇంకెక్కడ కొడతారో నాకు తెలియదు. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డి.బి.సి.పి. అనే మందు తయారుచేసే ఫ్యాక్టరీలో కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటుంటే, చాలామందికి పిల్లలు కలగడం లేదని బయటపడింది. పరీక్ష చేస్తే కొందరిలో కణాలు అసలు లేవు, కొందరిలో బాగా తగ్గాయి. తరవాత ఆ మందును అక్కడ నిషేధించారు. ఈనాటి మందులన్నీ అలాంటివని నేను అనడం లేదు. కాని ఒట్టి చేత్తో మందు కలపడం, గాలికి ఎదురుగా కొట్టడం, ఆ చొక్కాతోనే అన్నానికి కూర్చోవడం మానుకోవచ్చు కదా. సిగరెట్టు, గుట్కా, మందు కూడా కణాలను దెబ్బతీస్తాయి. జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లు కండల కోసం వేయించుకునే హార్మోను ఇంజెక్షన్లు మరీ ప్రమాదం. కండ పెరుగుతుంది, కణాలు ఆగిపోతాయి.

ఒక చెల్లెలి సంగతి చెబుతాను, ఊరు చెప్పను. పెళ్లయి ఐదేళ్లు. ఎక్కడో చెప్పారని గర్భసంచి మూడుసార్లు కడిగించారు, అంటే డి అండ్ సి. చెట్ల మందులు, వేర్ల కషాయాలు సరేసరి. ఇంట్లో రెండో సంబంధం మాటలు నడుస్తున్నాయి. ఆయన బట్టీ పనివాడు. ఈ ఒక్క పరీక్షకు ఆయన్ను ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. కణాలు హద్దు కన్నా చాలా తక్కువ వచ్చాయి. ఆ కాగితం చేతికి వచ్చాక ఇంట్లో రెండో పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. పని మారాడు, సారా మానాడు, డాక్టరు గారు చెప్పిన చికిత్స తీసుకున్నాడు. ఏడాదిన్నరకు ఆమె నెల తప్పింది. వీటిలో దేనివల్లో ఖచ్చితంగా చెప్పలేం. కాని ఆమె గర్భసంచి మూడుసార్లు కడిగించడంవల్ల మాత్రం కాదు. పిల్లల కోసమని ఊరికే డి అండ్ సి చేయించుకోకండి. పదేపదే గీకితే లోపలి పొర దెబ్బతిని గోడలు అతుక్కుపోవచ్చు.

రెండో పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. విడాకులు లేకుండా, భార్య బతికుండగా ఇంకో పెళ్లి చేసుకోవడం హిందువులకైనా, క్రైస్తవులకైనా చట్టప్రకారం నేరం. పైగా లోపం ఆయనలో ఉంటే రెండో ఆమె బతుకు కూడా ఇంతే కదా.

ఇప్పుడు కోడళ్లకు. మీ పరీక్షల్లో మొదటిది రక్తం. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బ్లడ్ గ్రూపు, హెచ్.ఐ.వి., హెపటైటిస్, సిఫిలిస్, ఇవి ముందు చూడాలి. బి.పి. కొలిపించుకోవాలి. థైరాయిడ్ మాత్రతోనే నెలసరి దారికొచ్చి కడుపు నిలిచినవాళ్లు ఎందరో. తరవాత స్కానింగు. "నీటి బుడగలు ఉన్నాయట" అని ఏడుస్తూ వస్తారు. అవి గడ్డలు కావు, అండాశయంలో పూర్తిగా పెరగని చిన్న చిన్న అండం తిత్తులు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు నూటికి ఐదు కిలోల లెక్కన తగ్గినా చాలామందికి నెలసరి మళ్లీ వస్తుంది. అవసరమైతే అండం విడుదలకు మాత్రలున్నాయి. ట్యూబుల పరీక్ష అంటే గర్భసంచిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయడం. కాస్త నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పను. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి టి.బి. ఒక ముఖ్య కారణం. దగ్గు లేకుండా కూడా అది గర్భసంచిలో దాగి ఉండవచ్చు.

ఫోలిక్ యాసిడ్ మాత్ర నెల తప్పాక కాదు, ముందే మొదలుపెట్టాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే గొట్టం కడుపు పడిన 28 రోజుల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిందన్న సంగతే తెలియదు. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని అదుపులోకి తెచ్చుకున్నాకే బిడ్డ గురించి ఆలోచించండి. బి.పి.కి, మూర్ఛకు వాడే మాత్రలు కొన్ని కడుపులో బిడ్డకు చెడు చేస్తాయి. మీ అంతట మీరు ఆపకండి, ముందే డాక్టరుకు చూపించి మార్పించుకోండి. మగబిడ్డ పుట్టడానికని ఇచ్చే పొడులు అసలు ముట్టుకోకండి. ఆడో మగో తేల్చేది తండ్రి కణం, అదీ కడుపు పడిన క్షణంలోనే.

మొక్కులు, ప్రార్థనలు ఎవరి నమ్మకం వారివి. కోటప్పకొండకు వెళ్లండి, చర్చికి రండి. పరీక్ష తారీఖు మాత్రం దాటనివ్వకండి.

ఐ.వి.ఎఫ్. గురించి చాలామంది అడుగుతారు. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు దాటిన ఒకామె ఆ పద్ధతిలో కవల ఆడపిల్లలను కన్నది. అది విని, ఎప్పుడైనా చేయించుకోవచ్చులే అనుకున్నవాళ్లున్నారు. అలా వీల్లేదు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు దాటకూడదు. వయసు పెరిగేకొద్దీ సొంత అండంతో ఫలితం వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. పొలం అమ్మే ముందు ఆ సెంటరుకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, మీ వయసువాళ్లకు నూటికి ఎందరికి బిడ్డ చేతికొచ్చిందని అడగండి. కడుపు వచ్చినవాళ్ల లెక్క వేరు, బిడ్డను ఎత్తుకున్నవాళ్ల లెక్క వేరు. 2025 జూలైలో సికింద్రాబాదులో ఒక సెంటరు మీద పోలీసులు కేసు పెట్టారు. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని లక్షలు తీసుకుని వేరేవాళ్ల బిడ్డను ఇచ్చారని, డి.ఎన్.ఏ. పరీక్షలో అది బయటపడిందని ఆరోపణ. డబ్బు పుచ్చుకుని సరోగసీ చేయడం మన దేశంలో నిషేధం. ఎవరైనా అలా మాట్లాడితే లేచి వచ్చేయండి. పెంపకం ఆలోచన ఉన్నవాళ్లు కూడా ఆసుపత్రుల్లో బేరాలు పెట్టుకోకుండా శిశు సంక్షేమ శాఖ ద్వారానే పేరు నమోదు చేసుకోండి.

అత్తగార్లూ, మీతో ఒక్క మాట. శ్రీమంతానికి, పేరంటానికి ఆ పిల్లను పిలవకుండా పక్కన పెడతారు చూడండి, దాన్ని ఏ పరీక్షా కొలవలేదు. ఓ.పి.లో బి.పి. చూసేటప్పుడు చెయ్యి పట్టుకుంటే చాలు, ఏడ్చేస్తారు. నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం, చచ్చిపోవాలనిపించడం, ఇవి కూడా మాకు చెప్పాల్సిన జబ్బులే. దాచొద్దు తల్లీ.

మిరప కోతల రోజులు, కూలి పోతుందని నాకు తెలుసు. అందుకే ఇద్దరూ ఒకేసారి రండి, రెండు ప్రయాణాలు తప్పుతాయి. ముట్టు వచ్చిన రెండో రోజో మూడో రోజో అయితే ఆమె హార్మోన్ల రక్త పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది. గడిచిన ఆరు నెలల ముట్టు తారీఖులు ఒక కాగితం మీద రాసి తెండి. పాత స్కానింగులు పారేయకండి. ఆయన రెండు మూడు రోజుల ముందు నుంచి దూరంగా ఉండి రావాలి. అన్నలూ, ఆ పరీక్ష గదికి లోపలి నుంచి గడియ ఉంది. బయట మిమ్మల్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు, చీటీ మీద నంబరే పిలుస్తాం.