చదరంగ యంత్రము: కీర్తి యెవరిది?

1997 మే 11వ తేదీన న్యూయార్కు నగరమున ప్రపంచ చదరంగ విజేత గారీ కాస్పరోవ్ ఐ.బి.యం. వారి ‘డీప్ బ్లూ’ యంత్రము చేతిలో ఓడిపోయెను. ఆరు ఆటల పోటీలో యంత్రమునకు మూడున్నర పాయింట్లు, మానవునకు రెండున్నర. ఈ సంగతి తెలియనివారు అరుదు. కాని ఆ యంత్రమును నిర్మించిన షూ, కాంప్‌బెల్, హోన్ అను మువ్వురి పేర్లు ఎందరికి జ్ఞాపకమున్నవి? ఓడినవాని పేరు లోకమున నిలిచినది, గెలిపించినవారి పేర్లు మరుగుపడినవి. చతురంగమునకు పుట్టినిల్లని చెప్పుకొను దేశమువారము గనుక, యంత్రములకు చదరంగము నేర్పినవారి ప్రతిభను తూచుటెట్లు అను ప్రశ్నను నేడు శ్రోతల యెదుట ఉంచదలచితిమి.

ఆటగాని విషయమున తూనిక సులభము. గెలిచిన ఆటలు, ఓడిన ఆటలు లెక్కించిన చాలును. ప్రోగ్రాము వ్రాసినవాడు బల్ల యెదుట కూర్చుండడు. అతని పక్షమున ఆడునది యంత్రము. ఆ గెలుపులో యంత్రపు వేగము పాలెంత, వ్రాసినవాని యూహ పాలెంత? డీప్ బ్లూ సెకనునకు ఇరువది కోట్ల స్థితులను పరిశీలింపగలిగెడిది. ఆ వేగమునకు మూలమైన చిప్పులను రూపొందించినది షూయే గనుక అచట వేగమును ప్రతిభ క్రింద జమకట్టవచ్చును. అంగడిలో కొన్న వేగమును మాత్రము ఎవరి ఖాతాలోను వ్రాయరాదు.

2017 డిసెంబరులో లండనులోని డీప్‌మైండ్ సంస్థవారు తమ ‘ఆల్ఫాజీరో’ నాటి మేటి ప్రోగ్రాములలో నొకటైన ‘స్టాక్‌ఫిష్’తో నూరు ఆటలాడి 28 గెలిచినదనియు, ఒక్కటియైన ఓడలేదనియు ప్రకటించిరి. ఆట నియమములు తప్ప మరేమియు నేర్పకుండగనే, తనతో తానే యాడుకొని నేర్చిన ప్రోగ్రామది. అద్భుతమే. అయినను ప్రతిపక్షమునకు మెమొరీ తక్కువ యిచ్చిరనియు, ఎత్తునకు నిమిషము చొప్పున కాలము బిగించిరనియు ఆక్షేపణలు వచ్చినవి. అవి న్యాయమైన ఆక్షేపణలే. 2018లో వేయి ఆటల ఫలితమును వెల్లడించిరి: 155 గెలుపులు, 6 ఓటములు, తక్కినవి సమములు. ఆ ఆరు ఓటములను చూచిన పిమ్మటనే మాకు ఆ గెలుపులపై నమ్మకము కుదిరినది.

ఇంతకంటె చిక్కైనది ‘రిబ్కా’ వ్యవహారము. 2005లో ఫ్రాన్సు దేశీయుడు ఫేబియన్ లెటూజే తన ‘ఫ్రూట్’ ప్రోగ్రాము పాఠమును ఎల్లరు చదువుకొనునట్లు విడుదల చేసెను. ఆ సంవత్సరాంతముననే వాసిక్ రైలిక్ రచించిన రిబ్కా వెలువడి, కొలది కాలములోనే తక్కిన ప్రోగ్రాములను మించిపోయి, 2007 మొదలు 2010 వరకు ప్రపంచ పోటీలలో వరుసగా నెగ్గెను. 2011లో ఆ పోటీలను నడపు అంతర్జాతీయ కంప్యూటరు క్రీడల సంఘము సాటి ప్రోగ్రాము రచయితలచే విచారణ జరిపించినది. రిబ్కాలో ఫ్రూట్ నుండియు, దాని తొలి రూపములలో ‘క్రాఫ్టీ’ నుండియు తెచ్చుకొన్న భాగములు కలవని తేల్చి, బిరుదులన్నిటిని తీసివేసి, రైలిక్‌కు యావజ్జీవ నిషేధము విధించినది. ఆయన ఆరోపణను ఒప్పుకొనలేదు. 2015లో ఫిడే నీతి విచారణ సంఘము, ఆ యావజ్జీవ శిక్షకు నియమావళిలో ఆధారము లేదని క్రీడల సంఘమును హెచ్చరించినది.

పరుల రచన నుండి గ్రహించుట ఎంతవరకు విద్య, ఎచట చౌర్యము అను విచారము మనకు క్రొత్త కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమునకును అర్థహరణమునకును ప్రత్యేకముగా అధ్యాయములే కేటాయించెను. ఫ్రూట్ పాఠము అందరికిని అందుబాటులో నుండెను. అందరును రిబ్కాను వ్రాయలేకపోయిరి. ఆ ఆధిక్యమును ఏ తీర్పును కొట్టివేయజాలదు. అయితే పోటీ నియమము స్పష్టము: ఇతరుల రచన వాడుకొన్నచో వారి పేరు చెప్పవలెను. విచారణలో తేలినదే నిజమైనచో, లోపము గ్రహించుటలో లేదు, పేరు చెప్పకపోవుటలో నున్నది. అందులకు బిరుదు తీసివేయుట తగును. జీవితాంతము వాకిలి మూయుట తగదని మా యభిప్రాయము.

స్టాక్‌ఫిష్ కూడ మరియొకరి పునాదిపై లేచినదే. టార్డ్ రామ్‌స్టాడ్ వ్రాసిన ‘గ్లౌరుంగ్’ను 2008లో మార్కో కోస్టాల్బా చేపట్టి, క్రొత్త పేరు పెట్టి, మూలమును దాచక, పెంచెను. 2013లో గేరీ లిన్‌స్కాట్ దానికొక పరీక్షాశాలను కల్పించెను. ఎవరైన ఒక మార్పును సూచించినచో, స్వచ్ఛందముగా ఎందరో అరువిచ్చిన కంప్యూటర్లపై క్రొత్త రూపము పాత రూపముతో ఆడును. ఎలో లెక్కలో ఏడు పాయింట్ల ఆధిక్యమనగా నూరాటలలో 51 పాయింట్లు వచ్చుట మాత్రమే. ఇప్పటి మార్పుల ఫలము అంతకును తక్కువ. దానిని పసిగట్టుటకు పదివేల కొలది ఆటలు కావలెను. వచ్చిన సూచనలలో హెచ్చుభాగము వీగిపోవును. ఎంతటి పండితుడు పంపినను, ఆటలో నెగ్గనిది లోనికి రాదు. వీగిపోయిన సూచన కూడ ఒక పనియే, కాని దానికి ఏ పట్టికలోను చోటు లేదు. ఇదొక్కటే మాకు కొంచెము కష్టముగా తోచుచున్నది.

నెగ్గినవారికి మాత్రము చోటున్నది. స్టాక్‌ఫిష్‌తో పాటు వచ్చు కాగితములలో కర్తల జాబితా యొకటి కలదు. స్థాపకులైన నలుగురి పేర్లు మొదట నున్నవి. వాని వెంటనే యూ నాసు మొదలగు ముగ్గురు జపానీయుల పేర్లు. వీరు తమ దేశపు షోగీ ఆటకై కనుగొన్న పద్ధతిని 2020లో చదరంగమునకు తెచ్చుకొనిరి. వారి క్రింద, చిన్న మార్పు చేసినవారితో సహా, వందల పేర్లు అక్షరక్రమమున నున్నవి.