నొప్పి వెనుక ఉన్న మాట



ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుల వరకు చిన్న చిన్న దవాఖానాల్లో పనిచేసే వైద్యులం మేము. మా వద్దకు వచ్చేవారు దుఃఖం గురించి చెప్పరు. తల దిమ్ముగా ఉందంటారు, నిద్ర పట్టదంటారు. మన ఇళ్లలోని తల్లులు "గాబరాగా ఉంది డాక్టర్ సాబ్" అని ఊరుకుంటారు. పరీక్షల్లో ఏ దోషమూ కనిపించదు. బలానికి మాత్రలు రాసి పంపిస్తాం. పదిహేను రోజులకు అదే నొప్పితో మళ్లీ వస్తారు. ఈ పొరపాటు మేమూ ఎంతోకాలం చేశాం.

ఈ ప్రాంత ప్రజలు మోస్తున్న బరువు చిన్నది కాదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు తాళలేక ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీ కుటుంబాలు ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. వీటికి తోడు నాలుగు గోడల మధ్య దెబ్బలు, కట్నం వేధింపులు, అప్పులు, పేరు విని ఇల్లు అద్దెకివ్వని అవమానాలు ఉన్నాయి.

బాల్యంలో అనుభవించిన హింసకూ, పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బులు, కుంగుబాటు వంటి వాటికీ సంబంధం ఉందని అమెరికాలో ఫెలిట్టి, అండా తదితర వైద్యులు 1998లోనే చూపారు. అలాగని ప్రతి రోగి గతాన్నీ తవ్వడం వైద్యం కాదు. వెంట వచ్చినవారిని కాసేపు బయట కూర్చోమనాలి. రోగి స్త్రీ అయితే నర్సమ్మ లోపలే ఉండాలి. "ఈ నొప్పి మొదలైన రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందమ్మా?" అని మెల్లగా అడగాలి. చెప్పడం ఇష్టం లేదంటే అక్కడితో ఆగాలి. చెబితే నమ్మాలి, "ఎందుకు భరించావు?" అనకూడదు. ఈ రాత్రి ఇంటికి వెళ్లడం క్షేమమేనా అని మాత్రం తప్పక అడగాలి. మహిళలకు 181, మానసిక సహాయానికి 14416 నంబర్లున్నాయని చెప్పాలి. నిర్ణయం ఆమెదే. వారానికి మళ్లీ రమ్మనాలి. వచ్చినప్పుడు మొదటి నుంచి చెప్పించకూడదు.

విన్న మాట మా వద్ద అమానత్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగికి గోప్యతా హక్కు ఇచ్చింది.

కుటుంబాలకు మా విన్నపం ఒకటే. కోడలిని అడిగితే అత్తగారు, భార్యను అడిగితే భర్త జవాబు చెప్పవద్దు. బాధ చెప్పుకున్నవారికి సబర్ చేయమని బోధించి నోరు మూయించవద్దు. సబర్ అంటే దెబ్బను దాచుకోవడం కాదు, చికిత్స మానుకోవడం అంతకన్నా కాదు.

కార్యకర్తలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏకాంతంగా మాట్లాడుకునే ఒక గదిని, ఉర్దూ, కోయ భాషలు తెలిసిన ఒక మహిళా సిబ్బందిని అడగండి. ఇది దయ కాదు, రోగి హక్కు. ఆ గది వచ్చే వరకు మేము మా తలుపు దగ్గరకు వేసి, కుర్చీ దగ్గరకు జరుపుకొని వింటూనే ఉంటాం.