ఎగిరిపోయినదాని లెక్క

ఈ రోజు కార్లకూ ట్రాక్టర్లకూ వేసే రంగు గురించి మాట్లాడదలచుకున్నాను. రంగంటే అలంకారమనీ, అసలు పనంతా అయ్యాక చివర్లో పూసేదనీ చాలామంది అనుకుంటారు. వాహనాల చరిత్ర చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది. రంగు చరిత్రంటే ప్రధానంగా రంగు ఆరడం చరిత్ర. తడి పూత గట్టి పొర కావాలంటే అందులోంచి ఏదో ఒకటి బయటికి పోవాలి, లేదా అందులోకి ఏదో ఒకటి చేరాలి. ఆ పోయేది ఎక్కడికి పోతోంది, ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది అని అడగడం కూడా ఇంజనీరు పనేనన్నది నా వాదన.

తొలి కార్లకు గుర్రపు బగ్గీల పద్ధతిలోనే రంగు వేసేవారు. అవిసె నూనె, వార్నిష్ కలిసిన రంగును కుంచెతో పూయడం, ఆరాక రుద్దడం, మళ్లీ పూయడం. నూనె గాలిలోని ఆక్సిజన్‌ను నెమ్మదిగా తీసుకుని గట్టిపడుతుంది గనుక ఒక్కో బాడీకి వారాలు పట్టేది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, చాసిస్ కూర్పుకు పట్టే కాలం పన్నెండున్నర గంటల నుంచి మరుసటి ఏడాదికల్లా 93 నిమిషాలకు దిగింది. రంగు మాత్రం ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. 1914 నుంచి 1925 దాకా మోడల్ టి నలుపులోనే వచ్చింది. నలుపు త్వరగా ఆరుతుంది కాబట్టే అలా చేశారని అందరూ చెబుతారు. ఆస్ఫాల్ట్ కలిపి ఓవెన్లో కాల్చే నల్ల ఎనామెల్ విషయంలో అది నిజమే. కానీ ఆ కంపెనీ ఒక్కో భాగానికి ఒక్కో రకం నలుపు వాడింది, వాటన్నిటికీ ఈ కారణం సరిపోదు. చౌక, మన్నిక, ఒకే రంగయితే పని సులువు కావడం, ఇవే బలమైన కారణాలని నాకనిపిస్తుంది.

రంగు నెమ్మదిగా ఆరడమనే ఈ చిక్కు విప్పింది యుద్ధంలో మిగిలిన సరుకు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక డ్యూపాంట్ దగ్గర గన్ కాటన్, అంటే నైట్రోసెల్యులోజ్, తయారుచేసే సామర్థ్యం భారీగా మిగిలిపోయింది. దాన్ని ద్రావణిలో కరిగిస్తే మరీ చిక్కబడేది, పలచన చేస్తే పొర మరీ సన్నగా వచ్చేది. 1920 ప్రాంతంలో ఆ సంస్థ రసాయనికులు సోడియం ఎసిటేట్‌తో చిక్కదనం తగ్గించే మార్గం కనుక్కున్నారు. జనరల్ మోటార్స్‌లో చార్లెస్ కెటరింగ్ బృందం వారితో కలిసి పనిచేసింది. జనరల్ మోటార్స్ వారి 1924 మోడల్ ఓక్లండ్ కార్లు, అలా పుట్టిన డ్యూకో అనే రంగును నీలి పూతగా వేసుకుని బయటికొచ్చాయి. వారాల పని గంటల్లోకి వచ్చింది, కొనేవారికి రంగు ఎంచుకునే వీలు కలిగింది. నిజంగా గొప్ప విజయమది. అయితే స్ప్రే గన్‌లో పోసిన ద్రవంలో ఎక్కువ భాగం ద్రావణే. కారు మీద నిలిచింది కొంచెం, గాలిలో కలిసింది ఎక్కువ. అప్పటి లెక్కల్లో ఆ కలిసినదానికి పద్దు లేదు.

రంగులన్నీ అమ్మకపు ఎత్తుగడే కదా, అంత గౌరవమెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది, జనరల్ మోటార్స్ ఏటేటా మోడళ్లు మార్చి అమ్మిన పద్ధతిలో రంగుకూ పాత్ర ఉంది. కానీ ట్రాక్టర్ల సంగతి చూడండి. అల్లిస్-చామర్స్ 1929లో నారింజ రంగుకు మారింది, 1932లో ట్రాక్టరుకు గాలి టైర్లు తెచ్చింది. ట్రాక్టరు పొలం దాటి రోడ్డెక్కింది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1936 చివర్లో ఫార్మాల్ ట్రాక్టర్లను బూడిద రంగు నుంచి ఎరుపుకు మార్చడానికి దూరం నుంచే కనబడాలన్నదీ ఒక కారణం. ఆ కంపెనీతో కలిసి మహీంద్రా 1963లో మన దేశంలో ట్రాక్టర్ల తయారీకి దిగింది. ఈనాడు జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. కాబట్టి ఆ ఎరుపు మన పొలాలకు పరాయిది కాదు. అయితే ఆ కాలపు మెరిసే పసుపు, నారింజ రంగుల్లో సీసపు క్రోమేట్ మామూలు. అది ఆరేటప్పుడు పోదు, ఏళ్ల తర్వాత గరుకు కాగితంతో రుద్దినప్పుడు పొడిగా లేస్తుంది. ఇళ్ల లోపలి గోడలకు తెల్ల సీసం వద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది 1921లోనే. మనం 2016లో సీసానికి 90 పీపీఎం పరిమితి పెట్టింది కూడా ఇంటి రంగులకూ అలంకరణ రంగులకూ మాత్రమే.

ఆనాటివారికి తెలియని విషయాలకు వారిని తప్పుపట్టడం న్యాయమా? డ్యూకో తయారుచేసినవారిని నేను తప్పుపట్టను. కానీ ద్రావణుల వంటి సేంద్రియ ఆవిరులు, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఎండ కలిస్తే ఓజోన్ పుడుతుందని కాల్‌టెక్‌లో ఆరీ హాగెన్-స్మిట్ 1950ల తొలినాళ్లలోనే చూపించారు. లాస్ ఏంజెలెస్ కౌంటీ ద్రావణులను కట్టడి చేసే 66వ నిబంధనను తెచ్చింది 1966లో. మధ్యలో గడిచిన కాలానికి తెలియదన్న సాకు చెల్లదు. ఫోర్డ్‌లో జార్జ్ బ్రూయర్ బృందం 1960ల్లో నిలబెట్టిన ఎలక్ట్రోకోటింగ్ చూస్తే మరో దారి సాధ్యమేనని అర్థమవుతుంది. రంగు కణాలున్న నీటి తొట్టిలో బాడీని ముంచి కరెంటు పంపుతారు. పూత పడినచోట విద్యుత్తుకు అడ్డు పెరుగుతుంది గనుక కరెంటు ఇంకా పూత పడని మూలలను వెతుక్కుంటూ పోతుంది. 1976 నుంచి బాడీనే కాథోడ్‌గా పెట్టే పద్ధతి వాహనాలకొచ్చి తుప్పును బాగా అరికట్టింది. చట్టం లేకున్నా తుప్పు కోసమే ఇది వచ్చేదని కొందరంటారు. ఈ అడుగు పూత, అంటే ప్రైమర్, విషయంలో ఒప్పుకుంటాను. దానిపైన వేసే రంగు కోటులో ద్రావణిని తగ్గించి నీటిని తెచ్చిన ఒత్తిడి మాత్రం చాలావరకు చట్టానిదే.

పెద్ద ఫ్యాక్టరీలో గాలిని పీల్చి వడకట్టే ఏర్పాట్లు ఉంటాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చిన్న షెడ్డులో గుద్దుకున్న కారుకు రంగు వేసే కుర్రాడికి అవి అందవు. రెండు భాగాలు కలిపి వాడే నేటి టూ-ప్యాక్ రంగుల్లో, గట్టిపరిచే హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి. వాటి తుంపర పీల్చినవారికి ఉబ్బసం రావచ్చు, ఒకసారి వచ్చాక అతి తక్కువ మోతాదుకే తిరగబెడుతుంది. ముక్కుకు కట్టుకున్న రుమాలు ఆ తుంపరనూ ఆవిరినీ ఆపదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. మన మే నెల ఎండలో గంటలసేపు పెట్టుకోగలిగేలా, చిన్న షెడ్డు యజమాని కొనగలిగే ధరలో అలాంటిదాన్ని తయారుచేయడానికి, ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు నేర్చుకున్న మెకానికల్, కెమికల్ చదువు రెండూ కావాలి. మీలో కొందరు ఆ పని చేపట్టాలని మనసారా కోరుతున్నాను.