పిడికిలీ పట్టూ కలిసే నేర్వాలి

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోకి కొత్తగా వచ్చేవారు బాక్సింగ్, పట్లతో లొంగదీసే జియు జిట్సు రెండూ మొదటి నుంచే నేర్చుకోవాలని నా అభిప్రాయం. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) పోటీల్లో ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్ ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని దిగాడు. బ్రెజిల్ జియు జిట్సు వీరుడు రాయిస్ గ్రేసీ కింద పడేసి పైకెక్కేసరికి, సరైన గుద్దు ఒక్కటీ తగిలించకుండానే ఓటమి ఒప్పుకున్నాడు. అలాగని పట్లు వస్తే చాలనుకోలేం. 1997లో కిక్‌బాక్సర్ మారిస్ స్మిత్, కింద పడ్డా కాచుకోవడం నేర్చుకుని వచ్చి, కుస్తీలో దిట్ట అయిన మార్క్ కోల్‌మన్‌ను ఓడించి యూఎఫ్‌సీ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు.

రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏదీ రాదని కొందరంటారు. బాక్సింగ్‌లోనే పేరు తెచ్చుకోవాలంటే ఆ మాట నిజమే. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో మాత్రం రెండు విద్యలూ ఒకే పోటీలో కావాలి. తల బాగా వంచి గుద్దు తప్పించుకునే బాక్సర్, పట్టు పట్టేవాడి చంకలోకి తన మెడను తానే అప్పగిస్తాడు. ఇలాంటి అలవాట్లు ముదిరాక మార్చుకోవడం కష్టం. దెబ్బల భయం మాత్రం కొట్టిపారేయదగింది కాదు. జియు జిట్సులో మెడ బిగుసుకున్నా, కీలు నొప్పెట్టినా చేత్తో తడితే ఎదుటివాడు వదిలేస్తాడు. తలకు తగిలిన గుద్దును అలా వెనక్కి తీసుకోలేం. అందుకే బాక్సింగ్‌లో మొదటి నెలల్లో అడుగుల కదలిక, ప్యాడ్ల మీద సాధన, జాబ్ (ముందు చేత్తో కొట్టే సూటి గుద్దు) వేసిన చేయి వెంటనే గడ్డం దగ్గరికి రావడం, ఇవి చాలు. కొత్తవాళ్ల తలల మీద గట్టిగా కొట్టించే శిక్షకుడి దగ్గరికి మీ పిల్లల్ని పంపకండి.